గీజర్ ప్లగ్గు బిర్రుగా పట్టేసింది, అమ్మకు ఊడి రావడం లేదు. ఏం పూయాలి?

తూరంగి అమ్మాయి | ఆదివారం ఉదయం 8:40

నమస్తే అండీ. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప రాయలేదు. మా అమ్మ కాకినాడలో ఒక్కతే ఉంటుంది, వయసు 68. నేను హైదరాబాద్‌లో. రెండు నెలలుగా గీజర్ ప్లగ్గు (పెద్దది, 16 ఆంప్స్) బిర్రుగా పట్టేస్తోందట. మొదట్లో కాస్త ఊపితే వచ్చేది. ఇప్పుడు గోడకు కాలు ఆనించి రెండు చేతులతో లాగుతోంది. నిన్న అలా లాగుతూ వెనక్కి పడబోయి, బకెట్టు పట్టుకుని నిలదొక్కుకుంది. అది విన్నప్పటి నుంచి నాకు టెన్షన్.

ఇల్లు 1998లో కట్టింది, ఆ బోర్డు అప్పటిదే. గీజర్ ఆరేళ్ల కిందటిది, 25 లీటర్లు, 2000 వాట్లు. ప్లగ్గుకు ఏం పూస్తే సులువుగా వస్తుంది? వాజెలిన్ రాయొచ్చా? ఎలక్ట్రీషియన్‌ని పిలవమంటే "ప్లగ్గు పీకడానికి కూడా మనిషెందుకే" అంటోంది.

పచ్చడి జాడీ | ఆదివారం ఉదయం 9:05

దీనికింత కంగారెందుకమ్మా. మా అత్తగారి కాలం నుంచీ ఒకటే మందు. స్విచ్ ఆపి, ప్లగ్గు బయటికి తీసి, పిన్నులను చింతపండుతో తోమాలి. ఇత్తడే కదా, దేవుడి కుందుల్లా మెరుస్తాయి. పొడిగుడ్డతో తుడిచి, ఒక్కో పిన్నుకు కొబ్బరినూనె బొట్టు రాస్తే వెన్నలో కత్తిలా దిగుతుంది. మా మిక్సీకి, ఇస్త్రీ పెట్టెకు ఏటా దసరాకు ఆయుధపూజ రోజున చేస్తాను. ఎప్పుడూ ఏమీ కాలేదు.

సీసాలో సముద్రం | ఆదివారం ఉదయం 9:31

కాకినాడ కదా, సముద్రపు గాలి. మాది విశాఖ, బీచ్‌కు నడిచి వెళ్లేంత దూరం. మా ఇంట్లో తలుపు గొళ్లాలకు తుప్పు, ప్లగ్గు పిన్నులకు పచ్చటి చిలుము, ఈ రెండూ అద్దెకు వచ్చిన రోజు నుంచే మాతో కాపురం చేస్తున్నాయి. వాడకుండా ఆర్నెల్లు వదిలేసిన సాకెట్లో ప్లగ్గు దూర్చడమంటే కుస్తీనే. డబ్ల్యూడీ-40 (తుప్పు వదిలించే స్ప్రే) కొట్టి చూడండి. నేను అదే చేస్తాను.

ఓరుగల్లు కుర్రాడు | ఆదివారం ఉదయం 9:48

తాళం బిగుసుకుంటే పెన్సిల్ ముల్లు అరగదీసి ఆ పొడి వేస్తాం కదా. గ్రాఫైట్ పొడి లూబ్రికెంట్, నూనెలా జిడ్డు ఉండదు. సాకెట్లో వేస్తే?

పాత వైర్‌మన్ | ఆదివారం ఉదయం 10:20

పెన్సిల్ పొడి మాట ముందు ఇక్కడే ఆపేయండి. గ్రాఫైట్‌లో కరెంటు పారుతుంది నాయనా. తాళంలో కరెంటు లేదు కాబట్టి అక్కడ పనికొస్తుంది. సాకెట్లో ఆ పొడి ఫేజు (కరెంటు వచ్చే) బెజ్జానికీ న్యూట్రల్ (తిరిగి వెళ్లే) బెజ్జానికీ మధ్య పరుచుకుంటే అది దారి వేసినట్టే. ఇంకెవరూ అది ప్రయత్నించకండి.

అమ్మా తూరంగి అమ్మాయీ, పూసేది తర్వాత చూద్దాం. ముందు నాకు నాలుగు సంగతులు కావాలి. ఈ ప్లగ్గు ఇన్నేళ్లూ తేలిగ్గా వచ్చి, ఈ మధ్యే బిగుసుకుందా? గీజర్ పావుగంట నడిచాక ప్లగ్గు వెనక ప్లాస్టిక్ మీద చేతి వెనక భాగం ఆనిస్తే వేడి తెలుస్తోందా? సాకెట్ బెజ్జాల చుట్టూ తెలుపు పసుపెక్కిందా, గోధుమ రంగు తిరిగిందా? బాత్‌రూమ్ దగ్గర ఎప్పుడైనా తేడా వాసన వస్తోందా?

31 ఏళ్లు ఈ పని చేశాను. బిర్రు రెండు రకాలు. కొత్త సాకెట్ బిర్రుగా ఉంటే మంచిదే, లోపల ఇత్తడి రేకులు పిన్నును గట్టిగా పట్టుకున్నాయని అర్థం. పాతికేళ్లు సాఫీగా నడిచిన సాకెట్ ఉన్నట్టుండి బిర్రెక్కితే అది వేరే కథ. సాకెట్ పాతబడితే వదులు కావాలి, బిగుసుకోకూడదు.

తూరంగి అమ్మాయి | ఆదివారం ఉదయం 11:15

అమ్మకు వీడియో కాల్ చేసి చూశాను. ఇన్నేళ్లూ తేలిగ్గానే వచ్చేదట. సాకెట్ కింది రెండు బెజ్జాల్లో ఎడమ దాని చుట్టూ టీ మరకలాంటిది ఉంది. అమ్మ అది మరకే అనుకుని సబ్బుగుడ్డతో తుడిచిందట (!!). వేడి సంగతి "ఉంటుంది కదే, గీజర్ కదా" అంది.

ఇక వాసన. అడిగితే నవ్వింది. పొద్దున్నే ఆరింటికి పక్కింటివాళ్లు ఎండుచేపలు వేపుతున్నారట, నెల నుంచి రోజూ అదే వాసనట. శుక్రవారం కూడానా అని తిట్టుకుంటోంది. ఆ పక్కింటివాళ్లు వేసవిలోనే ఖాళీ చేసి వెళ్లిపోయారని నేను గుర్తు చేస్తే ఒక్క నిమిషం మాట్లాడలేదు.

పాత వైర్‌మన్ | ఆదివారం ఉదయం 11:24

గీజర్ ఈ క్షణం నుంచి వేయొద్దని చెప్పండి. ఆ ప్లగ్గు పీకొద్దు, ఊపొద్దు, నీళ్లగుడ్డ తగిలించొద్దు. ఆ లైను ఎంసీబీ (కరెంటు పరిమితి మించితే దానంతటదే పడే స్విచ్) దించేసి అలాగే వదిలేయమనండి. నాలుగు రోజులు పొయ్యి మీద నీళ్లు కాచుకుంటే కొంపలేం మునిగిపోవు.

ఆ వాసన ఎండుచేపలది కాదు. సాకెట్లకు, ప్లగ్గులకు వాడే కొన్ని రకాల ప్లాస్టిక్కులు మాడితే అచ్చం చేపల వాసనే వస్తుంది. ఇళ్లకు వెళ్లినప్పుడు "పిల్లి ఎక్కడో చేప దాచింది" అని మంచాల కింద వెతికినవాళ్లను చూశాను. చివరికి చేప స్విచ్ బోర్డులో దొరికేది.

జరిగిందేమిటో ఇక్కడి నుంచే చెప్తాను, రేపు బోర్డు విప్పాక సరిచూసుకోండి. ఎడమ బెజ్జం న్యూట్రల్. అక్కడ రేకు పట్టు సడలి ఉంటుంది, లేదా వెనక వైరు బిగించిన స్క్రూ వదులై ఉంటుంది. వదులుగా తగిలే చోట వేడి పుడుతుంది. వేడికి ప్లాస్టిక్ మెత్తబడి పిన్ను మీదికి కుంగుతుంది, చల్లారాక అదే ఆకారంలో గట్టిపడుతుంది. పిన్ను మీద నల్లటి పొర పేరుకుని గరుకెక్కుతుంది. మీ అమ్మగారు లాగుతున్నది ఆ కుంగిన ప్లాస్టిక్‌ను. బయట మనకు కనిపించే బిర్రుకు కారణం లోపలి వదులు.

ఓరుగల్లు కుర్రాడు | ఆదివారం మధ్యాహ్నం 12:10

పెన్సిల్ మాట వెనక్కి తీసుకుంటున్నాను. పాపపరిహారంగా లెక్క చేశాను. 2000 వాట్లను 230 వోల్టులతో భాగిస్తే సుమారు 8.7 ఆంప్స్. కాంటాక్ట్ దగ్గర పుట్టే వేడి అంటే కరెంటు వర్గం ఇంటు నిరోధం. కాంటాక్ట్ బాగుండి 5 మిల్లీఓమ్‌లే ఉంటే 0.4 వాట్ కూడా రాదు. అదే చెడిపోయి ఓమ్‌లో పదో వంతుకు చేరితే 7.5 వాట్లు దాటుతుంది. వినడానికి తక్కువే, కానీ ఆ వేడంతా శనగగింజంత చోట, గోడలో మూసిన పెట్టెలో. మా హాస్టల్లో సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది, దాంతో సీసం కరిగిపోతుంది.

నాకు అర్థం కానిది ఒక్కటే. ఇంత జరుగుతుంటే ఎంసీబీ ఎందుకు పడలేదు?

పాత వైర్‌మన్ | ఆదివారం మధ్యాహ్నం 12:32

ఎంసీబీకి తెలిసేది దానిలోంచి పోయే ఆంప్స్ మాత్రమే. గీజర్ 8.7 తీసుకుంటోంది, అది 16 దాటలేదు, కాబట్టి ఎంసీబీ లెక్కలో అంతా సవ్యంగా ఉంది. పది అడుగుల అవతల సాకెట్ ఉడికిపోతోందని దానికెలా తెలుస్తుంది? ఆర్‌సీసీబీ అనే లీకేజీ స్విచ్ కూడా పడదు. అది 30 మిల్లీఆంప్స్ భూమిలోకి జారితే పడుతుంది, ఇక్కడ ఏమీ జారడం లేదు. ఈ జబ్బును పట్టేవి మన ముక్కు, కన్ను, చెయ్యి. అంతే.

పచ్చడి జాడీ | ఆదివారం మధ్యాహ్నం 1:15

అయ్యో, ఆ వాసన సంగతి చదివి లేచి వెళ్లి మా సాకెట్లన్నీ వాసన చూసి వచ్చాను. మా ఆయన వింతగా చూశారు. కానీ వైర్‌మన్ గారూ, మీరు కొబ్బరినూనె గురించి ఏమీ అనలేదు. పదిహేనేళ్లుగా రాస్తున్నాను. తప్పయితే తప్పని చెప్పండి, ఏమీ అనుకోను.

పాత వైర్‌మన్ | ఆదివారం మధ్యాహ్నం 2:40

భోజనం చేసి వచ్చాను, తీరిగ్గా చెప్తాను.

మీకు పదిహేనేళ్లూ ఏమీ కాకపోవడానికి కారణం నూనె కాదు, మిక్సీ. మిక్సీ రెండు మూడు నిమిషాలు తిరిగి ఆగిపోతుంది. సాకెట్ వేడెక్కే లోపే చట్నీ అయిపోతుంది. అదే నూనె గీజర్‌కో ఏసీకో రాస్తే గంటల తరబడి నడుస్తాయి. కొబ్బరినూనెకు దుమ్ము పట్టేస్తుంది, చీమలు వస్తాయి. నూనె వాసనకు చీమలు బారులు కట్టిన సాకెట్ నేను ఒకటి కాదు, చాలా విప్పాను.

చింతపండు ఇత్తడికి మంచిదే, కాదనను. కానీ ఆ పులుపు పిన్ను మొదట్లో, ప్లాస్టిక్ కలిసే చోట ఉండిపోతే వారంలో మళ్లీ చిలుము. పైగా ఈ రోజుల్లో వచ్చే పిన్నులు చాలావాటికి పైన నికెల్ పూత ఉంటుంది, తెల్లగా మెరిసేవి. వాటిని తోమితే, ఎమెరీ కాగితంతో రుద్దితే పూత పోతుంది. పసుపు రంగు ఇత్తడి బయటపడ్డాక చిలుము ఇంకా తొందరగా వస్తుంది. పాత పసుపు పిన్నులైతే జీరో నంబరు ఎమెరీతో నాలుగు రుద్దులు రుద్ది, పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

వాజెలిన్ దగ్గర మా పనివాళ్లలోనే రెండు జట్లు. బ్యాటరీ టెర్మినల్‌కు రాస్తాం, అది నిజం. ప్లగ్గు పిన్నుకు వేలితో రాసి తుడిచేస్తే మిగిలే పల్చటి పొర వల్ల నష్టం లేదని కొందరంటారు. నేను రాయను. వేడెక్కే చోట అది కరిగి లోపలికి కారుతుంది, మండే వస్తువు కూడా. పైగా అది రాస్తే ప్లగ్గు సులువుగా దూరుతుంది, మనం రోగం తగ్గిందనుకుంటాం. మా ఏలూరులో ఒకాయన ఇలాగే రెండేళ్లు నడిపారు. చివరికి ప్లగ్గు ఊడదీస్తే సాకెట్ కూడా దాంతో పాటే వచ్చింది.

సీసాలో సముద్రం | ఆదివారం సాయంత్రం 4:05

మరి నా డబ్ల్యూడీ-40? భయంభయంగా అడుగుతున్నాను.

పాత వైర్‌మన్ | ఆదివారం సాయంత్రం 4:30

మామూలు నీలం డబ్బాది తేమను తరిమేస్తుంది, కాదనడం లేదు. కానీ వెనక నూనె పొర వదిలి వెళ్తుంది, కొట్టిన కాసేపటి వరకు దాని ఆవిరి మండుతుంది. కొట్టిన వెంటనే స్విచ్ వేసి స్పార్క్ వచ్చిందంటే ఇక చెప్పేదేముంది. ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్ అని వేరే స్ప్రే దొరుకుతుంది, అది ఆరాక ఏమీ మిగలదు. మొబైల్ రిపేరు షాపుల్లో వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అయినా సరే, పాత టూత్‌బ్రష్‌తో పిన్నులు తుడవండి.

సాకెట్లో కొట్టేటప్పుడు మెయిన్ దించండి, ఇన్వర్టర్ కూడా ఆపండి. చాలామంది ఇన్వర్టర్ సంగతి మరిచిపోతారు. మెయిన్ పడ్డా ఆ లైన్లలో 230 వోల్టులు అలాగే ఉంటాయి. మెయిన్ దించే ముందే కరెంటు ఉన్న సాకెట్లో టెస్టర్ పెట్టి, ఆ టెస్టరే వెలుగుతోందో లేదో చూసుకోండి. స్ప్రే కొట్టాక ప్లగ్గును ఎనిమిది పదిసార్లు తిన్నగా దూర్చి తీస్తే రేకుల మీద పొర ఆ రాపిడికే పోతుంది. తర్వాత అరగంట ఆరనివ్వండి. మీ బీచ్ ఇంటికి ఏడాదికి రెండుసార్లు ఇది చేస్తే చాలు. వాడని సాకెట్లలో కూడా నెలకోసారి ఏదో ఒక ప్లగ్గు దూర్చి తీస్తుండండి.

కౌంటర్ వెనక | ఆదివారం రాత్రి 7:50

కరీంనగర్‌లో ఎలక్ట్రికల్ షాపు నాది. కౌంటర్ వెనక నిలబడి పన్నెండేళ్లుగా చూస్తున్నది చెప్తా. "ప్లగ్గు దూరట్లేదు" అని వచ్చేవాళ్లలో సగం మందికి చిలుమూ లేదు, కాలిందీ లేదు. జోడీ కుదరక.

ప్లగ్గులకు మన దేశపు ప్రమాణం ఐఎస్ 1293 లెక్కన చిన్న ప్లగ్గు 6 ఆంప్స్, పెద్దది 16. పాత రోజుల్లో 5, 15 అనేవాళ్లం, పెద్దవాళ్లు ఇప్పటికీ అట్లనే అడుగుతారు. చిన్నదాని ఫేజు, న్యూట్రల్ పిన్నులు ఐదు మిల్లీమీటర్ల పైచిలుకు లావు, పెద్దదానివి ఏడు. చిన్న ప్లగ్గు ఎర్త్ పిన్ను కూడా ఏడే. అందుకే పిల్లలు ఆ ఎర్త్ పిన్ను తీసుకెళ్లి పెద్ద సాకెట్లో తప్పు బెజ్జంలో దూర్చుతారు. రెండూ పట్టే కంబైన్డ్ సాకెట్లు ఇప్పుడు ఎక్కువ. వాటిలో చవకవి కొంటే పెద్ద ప్లగ్గు నాలుగుసార్లు పెట్టాక రేకు వెడల్పయిపోయి చిన్న ప్లగ్గు ఊగిసలాడుతుంది.

ఇంకోటి, పెయింటింగ్ తర్వాత. గోడకు పుట్టీ పెట్టేటోళ్లు సాకెట్‌కు కాగితం అంటించరు. పుట్టీ లోపలికి పోయి బెజ్జాలు మూసే షట్టరు పట్టేస్తుంది. దసరాకు ముందు రంగులేసిన ఇళ్లవాళ్లు దీపావళికి లైట్ల దండలు పట్టుకుని నా దగ్గరికొస్తారు, సీరియల్ సెట్ ప్లగ్గు దూరట్లేదని.

మస్కట్ రిటర్న్ | ఆదివారం రాత్రి 9:22

జోడీ అంటే గుర్తొచ్చింది. నేను మస్కట్ నుంచి తెచ్చిన ఇస్త్రీ పెట్టెకు మూడు పలక పిన్నులు, బ్రిటిష్ పద్ధతి. అక్కడ ప్లగ్గులోనే చిన్న ఫ్యూజు ఉంటుంది, పైన ఎర్త్ పిన్ను ముందు దిగి షట్టర్లు తెరుస్తుంది. ఇక్కడికి వచ్చాక అడాప్టర్ కొని పెట్టాను. అడాప్టర్ సాకెట్లో బిర్రు, ప్లగ్గు అడాప్టర్‌లో వదులు. చొక్కా ఇస్త్రీ అయ్యేసరికి అడాప్టర్ ముట్టుకోలేకపోయేవాణ్ని. చివరికి ఆ ప్లగ్గు కోసేసి మన త్రీపిన్ పెట్టించాను, 80 రూపాయల్లో పని అయిపోయింది. గల్ఫ్ నుంచి సామాను తెచ్చుకున్న మా కోనసీమ ఇళ్లలో సగం చోట్ల ఈ అడాప్టర్లే ఇప్పటికీ వేలాడుతున్నాయి.

డాలస్ బావ | ఆదివారం రాత్రి 11:02

ఇక్కడ అమెరికాలో 2008 ఎలక్ట్రికల్ కోడ్ నుంచి కొత్త ఇళ్లలో పిల్లలు పుల్లలు గుచ్చకుండా షట్టర్లున్న సాకెట్లే పెట్టాలి. రెండు పిన్నులూ ఒకేసారి, సమానంగా నొక్కితేనే తెరుచుకుంటాయి. కొత్త ఇంట్లోకి వచ్చిన మొదటి వారం మా అత్తగారు వాక్యూమ్ క్లీనర్ పెట్టలేక "ఇల్లు కొన్నావు గానీ కరెంటు కన్నాలు మూసేశారేంటి నాయనా" అన్నారు. నాకు తెలిసిన కిటుకు ఒకటే, వంకరగా ఊపకుండా తిన్నగా ఒక్క తోపు.

ఇక్కడ 120 వోల్టులే కాబట్టి 1500 వాట్ల హీటర్ కూడా 12.5 ఆంప్స్ లాగుతుంది. చలికాలంలో మాడిన ప్లగ్గులు మాకూ ఉన్నాయి.

మోడరేటర్ | సోమవారం ఉదయం 7:00

పెన్సిల్ పొడి సలహా కింద హెచ్చరిక జత చేశాను, తొలగించలేదు. ఎవరైనా వెతుక్కుంటూ వస్తే జవాబు కూడా కనిపించాలని.

తూరంగి అమ్మాయి | సోమవారం సాయంత్రం 6:18

అమ్మ మొత్తానికి ఎలక్ట్రీషియన్‌ని పిలిచింది. నేను వీడియో కాల్‌లో మొదటి నుంచి చివరి దాకా చూశాను. అతను మెయిన్ దించి, ప్లగ్గు తీయబోతే రాలేదు. కటింగ్ ప్లేయర్‌తో పట్టుకుని లాగితే ఎర్త్, ఫేజు పిన్నులు వచ్చాయి, న్యూట్రల్ పిన్ను మాత్రం సాకెట్లోనే విరిగి ఉండిపోయింది. ప్లగ్గు వైపు ప్లాస్టిక్ నల్లగా బొబ్బలెక్కింది.

బోర్డు విప్పితే వైర్‌మన్ గారు ఇక్కడ కూర్చుని చెప్పింది అక్షరాలా నిజం. న్యూట్రల్ వైరు బిగించిన స్క్రూ వేలితో తిరిగింది. వేలితో! రాగి తీగ నల్లబడి, పైన తొడుగు అప్పడంలా పెళుసెక్కి విరిగింది. అతను రెండు అంగుళాలు వెనక్కి కోసి, మెరిసే రాగి వచ్చాక కొత్త సాకెట్‌కు బిగించాడు. ప్లగ్గు కూడా కొత్తది. అంతా కలిపి 650.

అమ్మ ఏమందో తెలుసా? "పాపం, పక్కింటివాళ్లను నెలంతా తిట్టుకున్నాను."

పాత వైర్‌మన్ | సోమవారం సాయంత్రం 6:45

ప్లగ్గూ సాకెట్టూ రెండూ మార్చాడంటే పని తెలిసినవాడే. చాలామంది సాకెట్ ఒక్కటే మార్చి, కాలిన పిన్నులను రుద్ది అదే ప్లగ్గు దూర్చి వెళ్లిపోతారు. ఆ గరుకు పిన్ను కొత్త రేకులను కూడా పాడుచేస్తుంది. ఆర్నెల్లలో మళ్లీ మొదటికి.

రెండు సంగతులు అతన్ని అడిగి చూడండి. ఒకటి, గోడలోని వైరు ఎంత మందం? గీజర్ లైనుకు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగికి తగ్గకూడదు. 1998 ఇళ్లలో అక్కడక్కడా 1.5 వేసి వదిలేశారు. రెండోది, ప్లగ్గులో తీగ పోగులకు సీసం పూసి స్క్రూ కింద పెట్టాడా? చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ మెత్తటి సీసం స్క్రూ ఒత్తిడికి మెల్లగా జరిగిపోయి, ఏడాది తిరిగేసరికి స్క్రూ వదులవుతుంది. పోగులను మెలిపెట్టి, రెండుగా మడిచి బిగిస్తే చాలు. నెల తర్వాత మెయిన్ దించి ఒకసారి స్క్రూలు చూడమనండి, కొత్తలో పావు చుట్టు దాకా సడలుతుంటాయి.

తూరంగి అమ్మాయి | మంగళవారం ఉదయం 8:12

వైరు 2.5దే, అడిగాను. సీసం పూయలేదు.

కానీ కథ మొదటికొచ్చింది! కొత్త సాకెట్ పాతదానికంటే బిర్రుగా ఉందట. అమ్మ పొద్దున రెండు చేతులతో లాగినా రాలేదు. "650 పోసి ఇంకో రాయి తెచ్చి గోడలో పెట్టించావు, పాతదే నయం, వాసనొచ్చినా వచ్చేది" అంటోంది.

కౌంటర్ వెనక | మంగళవారం ఉదయం 10:30

ఇది మంచి బిర్రు మేడం. ఇరవై ముప్పైసార్లు పెట్టి తీశాక కొద్దిగా సాఫీ అవుతుంది, పూర్తిగా పోదు, పోకూడదు. వెనక పిడిలాగా, ఉంగరంలాగా పట్టు ఉన్న ప్లగ్గులు కూడా వస్తాయి. వేళ్లు దూర్చి తిన్నగా లాగొచ్చు. పెద్దవాళ్లకని అడిగితే నేను అవే ఇస్తాను. వైరు పట్టుకుని మాత్రం లాగనివ్వకండి. ఇప్పుడు బిగించిన స్క్రూలే మళ్లీ వదులవుతాయి.

డాలస్ బావ | మంగళవారం ఉదయం 10:55

అడగకూడదేమో గానీ, అసలు గీజర్ ప్లగ్గు రోజూ ఎందుకు పీకడం? స్విచ్ ఆపితే సరిపోదా?

తూరంగి అమ్మాయి | మంగళవారం మధ్యాహ్నం 1:40

ఇన్నాళ్లకు నేనూ ఈ ప్రశ్న అమ్మను అడిగాను. నాన్న అలవాటట. నాకు ఏడెనిమిదేళ్లప్పుడు ఓ పెద్ద గాలివాన రాత్రి పిడుగు పడి వీధిలో సగం ఇళ్ల టీవీలు పోయాయి. అప్పటి నుంచి నాన్న పడుకునే ముందు ఇంట్లో ప్రతి ప్లగ్గూ పీకి, పిన్నులు పైకి ఉండేలా బల్ల మీద వరుసగా పెట్టేవారు. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. అమ్మ ఫ్రిజ్ తప్ప అన్నీ పీకుతుంది, ఇప్పటికీ.

పీకొద్దని నేను చెప్పలేను అనిపిస్తోంది.

పాత వైర్‌మన్ | మంగళవారం మధ్యాహ్నం 3:05

చెప్పనక్కర్లేదమ్మా. మీ నాన్నగారు చేసింది తప్పు కాదు. పిడుగుపాటుకు స్విచ్ అడ్డు కాదు, అర సెంటీమీటరు కూడా లేని ఆ ఎడం దానికి లెక్కే కాదు. ఉరుములు మొదలయ్యే ముందు టీవీ, మోడెమ్ పీకడం నేనూ చేస్తాను. ఉరుముతున్నప్పుడు మాత్రం వెళ్లి ముట్టుకోకూడదు.

గీజర్‌కు వేరే దారి ఉంది. ప్లగ్గు, సాకెట్ రెండూ తీసేసి 20 ఆంప్స్ డీపీ స్విచ్ పెట్టించండి. మామూలు స్విచ్ ఫేజును ఒక్కదాన్నే తెంచుతుంది. పాత ఇళ్లలో వైర్లు తారుమారై ఉంటే స్విచ్ న్యూట్రల్ మీద ఉండి, ఆపినా గీజర్‌లో ఫేజు నిలిచే ఉంటుంది. అలాంటివి నేనే ఎన్నో సరిచేశాను. డీపీ స్విచ్ ఫేజు, న్యూట్రల్ రెండింటినీ ఒకేసారి తెంచుతుంది. ఎర్త్ తీగ మాత్రం ఎప్పుడూ తెగకూడదు, అది నేరుగా గీజర్‌కు వెళ్లాలి. చిన్న ఎర్ర దీపం ఉంటుంది కాబట్టి ఆగిందో లేదో మీ అమ్మగారికి కళ్లద్దాలు లేకున్నా తెలుస్తుంది. గీజర్ వైరు ఆ స్విచ్ టెర్మినల్‌లోకే నేరుగా పోతుంది. వేడెక్కే పిన్నులు లేవు, సడలే రేకులు లేవు. పిడుగుల కాలంలో ఎంసీబీ కూడా దించుకోమనండి, ఆమెకు పీకినంత తృప్తి.

పచ్చడి జాడీ | బుధవారం ఉదయం 9:10

ఇక్కడే నాదొక చిన్న సందేహం. గుంటూరులో మా డాబా మీద వాషింగ్ మెషిన్ సాకెట్లో ప్లగ్గు సగం దాకా వెళ్లి ఆగిపోతోంది. నూనె రాయలేదండోయ్. ఎర్త్ బెజ్జంలో ఏదో మట్టిలా కనిపిస్తోంది. పిన్నీసుతో గీకనా?

పాత వైర్‌మన్ | బుధవారం ఉదయం 9:16

పిన్నీసు కింద పెట్టండమ్మా! అది మట్టిగూడు కట్టే కందిరీగ పని. గుంటూరు ఎండల్లో దానికి సాకెట్ బెజ్జం రాజభవనం. ఎర్త్ బెజ్జం పెద్దది కాబట్టి ముందు దాన్నే ఎంచుకుంటుంది. లోపల గుడ్డు, దానికి ఆహారంగా పురుగులు పెట్టి సీలు వేసి వెళ్తుంది. మెయిన్ దించి, సాకెట్ విప్పించి మట్టి దులపాలి, బయటి నుంచి గుచ్చితే మట్టి ఇంకా లోపలికి పోయి షట్టరు వెనక కూర్చుంటుంది. ఎర్త్ పిన్ను పూర్తిగా దిగకుండా వాషింగ్ మెషిన్ నడపకండి, తడి చేతులతో ముట్టుకునే వస్తువది. తర్వాత ఆ సాకెట్‌కు మూతొకటి పెట్టించండి.

తూరంగి అమ్మాయి | శనివారం సాయంత్రం 5:30

డీపీ స్విచ్ అయిపోయింది. అదే అబ్బాయి వచ్చాడు, అమ్మ అతనికి పెసరట్టు కూడా పెట్టింది, ఇప్పుడు అతను మా ఇంటి మనిషి. ఎర్ర దీపం బాగా నచ్చింది. రాత్రి పడుకునే ముందు వెళ్లి దీపం ఆరిందో లేదో చూసి వస్తోందట, గుడి తలుపులు వేసినట్టు. అందరికీ చాలా థ్యాంక్స్. వైర్‌మన్ గారూ, కాకినాడ వైపు వస్తే కాజాలు బాకీ.

పాత వైర్‌మన్ | శనివారం సాయంత్రం 6:02

సంతోషం. ఒక్క మాట, సోమవారం తీసిన ఆ కాలిన ప్లగ్గు ఎక్కడుంది? పారేశారా?

తూరంగి అమ్మాయి | శనివారం సాయంత్రం 6:05

అమ్మ ఏదీ పారేయదు కదా. డబ్బాలో వేసి ఉంటుంది. ఎందుకండీ, న్యూట్రల్ పిన్ను కూడా విరిగిపోయింది కదా, ఎవరు వాడతారు?

తూరంగి అమ్మాయి | శనివారం సాయంత్రం 6:21

అడిగాను. నీళ్ల మోటారు ప్లగ్గు పగిలిందని నిన్న పక్కవీధి కుర్రాడి చేత దీనికి వేరే పాత ప్లగ్గులోని పిన్ను తీసి బిగించి, మోటారుకు పెట్టించిందట. "బిర్రుగా భలే పట్టింది" అంటోంది.

పాత వైర్‌మన్ | శనివారం సాయంత్రం 6:22

మోటారు ఎంసీబీ దించమనండి. ఆ అబ్బాయిని రేపు మళ్లీ పెసరట్టుకు పిలవమనండి.